రాయి పుట్టని ఊరు

మా ఊళ్ళో రాయి పుట్టదు.
గడపకి కావాలన్నా, పొయ్యికి మూడు కావాలన్నా
రాజమండ్రి అవతలి క్వారీ నుంచి లారీ మీద రావాలి.
గునపం ఎంత దింపినా ఒండ్రు,
దాని కింద నల్లరేగడి, దాని కింద నీళ్ళు.

నేను లాకుల దగ్గర లస్కర్ని.
పద్దెనిమిదేళ్ళుగా గేజీ పలక మీద
అంగుళాలు చదివి పుస్తకంలో రాస్తాను.
ఎత్తంటే నాకు అంతే,
పై కాలవకీ కింది కాలవకీ నాలుగడుగుల తేడా.
పిల్లలకి ఎత్తంటే ఎదుర్లంక వంతెన.
నడిమధ్యకొచ్చాక స్కూటర్ ఆపమని గోల.

చీటీ పాడుకున్న డబ్బుతో నేపాల్ వెళ్ళాం.
"ఇద్దరు పసోళ్ళనేసుకుని కొండలెక్కుతావా?
రావులపాలెం దాటితే జలుబు చేస్తది నీ కొడుక్కి"
అంది మా అక్క.
ఆ మాట రావులపాలెంలోనే నిజమైంది.

పోఖరా దాటాక జీపులో
కిరీటి నాలుగు మలుపులకోసారి కక్కాడు.
భానుశ్రీ లెక్కపెట్టింది, ఎవరూ అడక్కుండానే.
సత్యవేణి ఒళ్ళో చెగోడీల డబ్బా, కొంగులో నిమ్మకాయ,
నన్ను తిట్టే తిట్టు సగంలో ఆగిపోయింది.
ఎదురుగా తెల్లగా ఏదో నిలబడింది.
"మబ్బు" అన్నాను.
"మబ్బు కదులుద్ది నాన్నా" అంది పిల్ల.

ఆ లోయలోకి ఎండ తొమ్మిదింటికి గాని దిగదు.
రాత్రంతా వాడికి దగ్గు.
సత్రం నడిపే ఠకాలీ ఆవిడ
ఆవనూనె వెచ్చజేసి రొమ్ముకి రాసింది.
తన భాషలో వాణ్ణి ఏదో తిట్టింది, ముద్దుగానే అనుకుంటా.
తెల్లారి వాణ్ణి వెదురుబుట్టలో కూచోబెట్టి
నుదుటికి పట్టీ తగిలించుకుని మెట్లెక్కిపోయింది.
వెనకాల నేను,
చేతులూపుకుంటూ, రొప్పుతూ.

ఫోన్లో మా కాలవ చూపించాను.
ఆ చివర్నించి ఈ చివరికి వేలితో జరిపి చూసి
వచ్చీరాని హిందీలో అడిగింది:
"మీ ఊరికి వెనక గోడ లేదా?
రాత్రిళ్ళు దేనికి ఆనుకుని పడుకుంటారు?"
జవాబు తోచలేదు.
ఇప్పటికీ తోచలేదు.

భానుశ్రీది వేరే దిగులు.
"ఇక్కడ వానొస్తే నీళ్ళు ఎక్కడ నిలబడతాయి?"
నిలబడవమ్మా అన్నాను.
"మరి కప్పలు?"

గండకి ఒడ్డంతా రాళ్ళే.
డబ్బు పోసి కొనే వస్తువు
ఇలా ఊరికే పారబోసి ఉందేంటని వాళ్ళ అనుమానం.
కావలివాడు ఎవడైనా వస్తాడేమోనని
వెనక్కి చూసుకుంటూ జేబులు నింపారు.
ఒక్కటే తెచ్చుకోమన్నాను.
వాడు తన తలకాయంత రాయి ఎత్తలేక ఎత్తి
"ఇదే" అన్నాడు.
గోరఖ్‌పూర్ నుంచి రైల్లో అది నా తలకింద దిండు.

వచ్చిన నెలకి, ఏటిగట్టు మీద
"మన మట్టి ఎక్కడిది?" అంది పిల్ల.
ఏ ఎగువ రాళ్ళో అరిగి అరిగి
ఏరు మోసుకొచ్చి ఇక్కడ దించిందన్నాను.
బళ్ళో చదివిందే. ఎప్పుడూ తొక్కి చూసుకోలేదు.
కాసేపు పాదాలకేసి చూసుకుంది.
"అయితే మనమూ కొండ మీదే ఉన్నాం నాన్నా.
ఇది పడుకున్న కొండ."

పక్కనే ఉన్న కిరీటి విన్నాడు.
ఆ రోజు నుంచి రాయి మీద పూటకో గ్లాసుడు నీళ్ళు.
"మట్టెప్పుడవుద్ది?"
విసిగిపోయి సత్యవేణి దాన్ని
మాగాయ జాడీ మూత మీద బరువుకి పెట్టింది.
వాడు అక్కడా పోశాడు.
జాడీలోకి నీళ్ళు దిగాయి.
నిన్నంతా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇవాళ కాలవలోకి ఎర్రనీళ్ళొచ్చాయి.
గేజీ రెండంగుళాలు పెరిగింది. రాశాను.
ఒక గ్లాసు ముంచి లాకు గోడ మీద పెట్టాను.
నీళ్ళు తేరేసరికి
అడుగున గోరంత ఒండ్రు.

వాడు లేచాక చూపించాలి.